గండికోటలో చీటీ సస్పెన్స్

‘మర్యాద రామన్న’ (2010)లో సునీల్ రైలెక్కి సీమకొచ్చాడు గదా, సామానెక్కడ పెట్టాడో మీరెవరైనా గమనించారా? నేనూ గమనించలేదు. సినిమాల్లో ఆ బెంగ ఉండదు మరి!

ఆ సినిమా గండికోటలో తీశారని తెలిసిన దగ్గర్నుంచీ ఓసారి చూసి రావాలని నా కోరిక. మొన్న కొత్త ఉద్యోగంలో చేరడానికి వెళ్తూ ఒక రోజు మిగుల్చుకున్నాను. ఇబ్బందల్లా సూట్‌కేసుతోనే. సర్టిఫికెట్లన్నీ అందులోనే ఉన్నాయి, అన్నీ ఒరిజినల్సే!

దారిలో ఓ పెద్ద స్టేషన్లో క్లోక్‌రూమ్ కనిపించింది. టిక్కెట్టు చూపించాను. గుమాస్తా పెట్టె వంక చూసి, ‘‘తాళమేదీ?’’ అన్నాడు. తాళం లేని పెట్టెని రైల్వేవాళ్లు పుచ్చుకోరట. బయట కొట్టుకి పరుగు, తాళంకప్ప, మళ్లీ క్యూ! చీటీ ఇస్తూ చెప్పాడాయన: ‘‘తాళంచెవి పోతే పగలగొట్టుకోవచ్చు. ఇది పోతే మాత్రం పెట్టె నీదేనని రుజువు చూపించి, బాండు రాసివ్వాలి నాయనా.’’

(అన్నట్టు, చిన్న స్టేషన్లలో ఈ సదుపాయం ఉంటుందని నమ్ముకోకండి. పైగా పెట్టె ఎక్కడ పెడితే మళ్లీ అక్కడికే రావాలి. నంద్యాల-ఎర్రగుంట్ల లైను 2016లో పూర్తయి జమ్మలమడుగుకీ రైలొచ్చింది కదా అని అటునుంచటే నంద్యాల పోదామంటే కుదరదు!)

ముద్దనూరులో దిగి, బస్సులో జమ్మలమడుగు, అక్కణ్ణుంచి ఆటోలో పదిహేను కిలోమీటర్లు. పెమ్మసాని నాయకులు ఏలిన కోట. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు చూసి ధాన్యాగారంలో కాసేపు నిలబడ్డాను. కమాను కప్పు కింద ఎంత చల్లగా ఉందో! కోటంతటికీ తిండిగింజలు దాచిన చోటది. నా పెట్టె గుర్తొచ్చి జేబు తడుముకున్నాను. చీటీ ఉంది.

ఆ తర్వాత లోయ. ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసేసిన చోటు. పేర్చిపెట్టినట్టున్న ఎర్రరాళ్లు, అడుగున ఎక్కడో నీళ్లు. కెమెరా ఎటు తిప్పినా సీనే! ఆ మైకంలో చెమట తుడుచుకుందామని రుమాలు లాగాను. దాంతోబాటే చీటీ ఎగిరింది!

అంచుకి బారెడు ఇవతల, రాతిపగుల్లో చిక్కుకుని రెపరెపలాడుతోంది. నా డిగ్రీ, ఉద్యోగం అన్నీ ఆ కాగితమ్ముక్కలోనే ఉన్నాయి. బోర్లా పడుకుని పాకడం మొదలెట్టాను.

‘‘ఓ నా! యాడికి పోతాండావ్? జారితే యెముకలు గూడా దొరకవు!’’

మేకలు కాసే పిల్లాడు. నన్ను కదలొద్దని, పొడుగాటి కర్రతో చీటీని అదిమిపట్టి మెల్లగా ఇవతలికి లాగాడు. తిప్పి చూసి, ‘‘ఏంది నా, లాటరీ టిక్కెట్టా?’’ అన్నాడు.

‘‘అంతకన్నా ఎక్కువ తమ్ముడూ!’’

రాత్రి క్లోక్‌రూమ్‌లో అదే గుమాస్తా. చీటీకంటిన ఎర్రమట్టి దులిపి, నా చొక్కా వంక చూసి అడిగాడు: ‘‘గండికోటా?’’