సీసాలో మనీప్లాంట్

చిలమత్తూరు ఇళ్లలో వాకిలికి తలకిందులుగా కట్టిన కలబంద కనిపిస్తుంది. దిష్టికి కడతారు. మట్టీ నీళ్లూ లేకున్నా నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. పగలు ఆకు రంధ్రాలు మూసుకొని రాత్రి తెరిచే జాతి అది; తేమను అంత తేలిగ్గా వదలదు. ఈ కరువుసీమకు తగిన ఇంటిమొక్క ఏదంటే దాన్నే చెబుతాను. ఈమధ్య హాల్లోకి మనీప్లాంట్లు కూడా చేరాయి.

జ్వరంతో నా దగ్గరికి వైద్యానికి వచ్చిన ఒక పిల్లవాడికి ఎన్ఎస్1 పరీక్షలో డెంగీ తేలింది. "తాగేదానికే నీళ్లు ల్యాకపోతే దోమలు యాడివి సార్?" అంది వాళ్లమ్మ. ఇంటికెళ్లి చూశాను. డ్రమ్ములన్నిటికీ మూతలున్నాయి. టీవీ పక్కన గాజు సీసాలో మనీప్లాంట్. సీసాను వెలుతురుకు ఎత్తితే నీటి పైభాగాన తలకిందులుగా వేలాడుతున్న పురుగులు మెలికలు తిరుగుతూ అడుగుకు దిగాయి. డెంగీని మోసే ఈడిస్ గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. తడి లేకున్నా ఆ గుడ్లు నెలల పాటు బతుకుతాయి. అందుకే నీళ్లు పారబోస్తే సరిపోదు, సీసా లోపలి అంచును రుద్ది కడగాలి. ఆ ఇల్లాలు డ్రమ్మును మరవలేదు గానీ, సీసానూ నీటిపాత్రగా ఎవరు లెక్కేస్తారు?

ఇంకోసారి, ఇంట్లో పెంచే డంబ్‌కేన్ ఆకు నమిలిన పసిపాపను తెచ్చారు. పెదవులు వాచి, చొంగ ఆగడం లేదు. మన చేమ కుటుంబపు మొక్కే అది. గొంతులో గుచ్చే ఆక్సలేట్ సూదులు రెంటిలోనూ ఉంటాయి. నోరు కడిగి, చల్లటి పాలు పట్టి, ఊపిరి గమనిస్తూ ఉంచాం. సాయంత్రానికి తేరుకుంది.

ఇక ఇంటిమొక్కలతో గాలి శుభ్రమవుతుందన్న మాట. 1989లో నాసా పరీక్షలు చేసింది గాలి చొరబడని పెట్టెల్లో. మామూలు గాలి రాకపోకలకు సాటి రావాలంటే చదరపు మీటరు నేలకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని 2019లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. కిటికీ తెరవడం నయం. రాత్రి మొక్క ప్రాణవాయువు లాగేస్తుందని భయపడేవాళ్లూ ఉన్నారు. మంచం మీద పక్కన పడుకున్నాయన అంతకు ఎన్నో రెట్లు లాగుతాడు. ఆయన్నెవరూ వరండాలోకి పంపరు.

మేలు మనసుకే ఎక్కువ. పిత్తాశయం ఆపరేషనయ్యాక కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులకు, ఇటుక గోడ కనిపించినవారికన్నా గట్టి నొప్పిమందుల అవసరం తగ్గిందని 1984లో రోజర్ అల్రిచ్ చూపాడు. పక్షవాతం వచ్చిన ఒక శెనక్కాయల రైతుకు నేను వసారాలో తులసి, కరివేపాకు కుండీలు పెట్టించాను. పడిపోయిన చేత్తోనే చెంబు పట్టుకొని పొద్దునే పోస్తాడు. కుండీల కింది సాసర్లు మాత్రం తీయించేశాను.