పక్కింటి పెద్దావిడ నడుం పట్టీ

మా తమ్ముడు వాళ్లుండేది ఆమ్‌స్టర్‌డామ్‌ను ఆనుకుని ఉన్న ఆమ్‌స్టెల్‌వీన్‌లో. అక్కణ్ణించి నగరంలోకి ఐదో నంబరు ట్రామ్. మీరు వెళ్తే ఒకటి గుర్తుపెట్టుకోండి: ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడూ కార్డు ఆనించాలి. ఆ కంగారులో నేను దిగాల్సిన జౌద్ స్టేషన్ దాటిపోయింది. వెనక్కి నడుస్తుంటే వెనకాల గంటల మోత. నేను నడుస్తున్న ఎర్రటి బాట సైకిళ్లదట! ఆ సైకిళ్ల మీద డెబ్బై దాటినవాళ్లు నిటారుగా కూర్చుని దూసుకుపోతుంటే, మా తెనాలిలో ఆ వయసు వాళ్లను గేటు దాటనివ్వని మనమే కళ్లముందు మెదిలాం.

మధ్యాహ్నం సురినామ్ వాళ్ల హోటల్లో రోటీ తిన్నాను. మసాలా బంగాళాదుంప, అలసంద కాయల కూర, ఉడికించిన గుడ్డు. 1873లో కలకత్తా నుంచి లల్లా రూఖ్ అనే ఓడలో సురినామ్ తోటల్లో కూలికి వెళ్లినవాళ్ల వంట, తరాల తర్వాత ఇక్కడికొచ్చింది. రుచి మన వాకిలి దాకా వచ్చి ఆగినట్టుంది. తప్పకుండా తినండి.

అసలు చెప్పాల్సింది తమ్ముడి పక్కింటి పెద్దావిడ గురించి. 81 ఏళ్లు, ఒంటరిగా ఉంటుంది. ఇంట్లో మెట్లు నిచ్చెనంత నిటారు. కాఫీ ఇచ్చి, కప్పు మీద మూతలా ఒక పాకం బిస్కెట్ పెట్టింది, ఆవిరికి మెత్తబడాలట. వంగినప్పుడు ఆమె నడుం వెనక, పట్టీలో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద పెట్టె కనిపించింది.

"నేనెలా నడుస్తానో ఇది రాసుకుంటోంది. వారం రోజులు, స్నానానికి తప్ప తియ్యకూడదు," అంది ఇంగ్లీషులో.

అందులో ఉన్నది, ఫోన్ తిప్పితే తెర తిరిగేలా చేసే సెన్సర్ లాంటిదే. ముందుకీ వెనక్కీ, పక్కలకీ, పైకీ కిందకీ ఒంటి కదలికను సెకనుకు 100 సార్లు కొలుస్తుంది. అడుగుకీ అడుగుకీ పోలిక ఎంత, నడుం పక్కలకి ఎంత ఊగుతోంది, ఎంతసేపు ఆగకుండా నడిచారు అన్నవి ఆ అంకెల్లోంచి తీస్తారు. నేను స్టేషన్ దాటిపోయి వెతుక్కున్న వీధులకు దగ్గర్లోనే ఉన్న వ్రైయె విశ్వవిద్యాలయంలో కిమ్ వాన్ స్కోటెన్, యాప్ వాన్ డీయెన్, వాళ్ల తోటివారు ఈ పని చేశారు. పెద్దవాళ్ల నడుముకు వారం పాటు ఇలాంటిదే కట్టి, ఆ తర్వాత ఎవరు పడ్డారో కనుక్కుంటూ వచ్చారు. 2015లో వచ్చిన వ్యాసంలో 169 మంది. 2016 నాటి దాంట్లో 319 మంది, ఏడాది పాటు. ఇంట్లో, వీధిలో మామూలుగా నడిచే తీరును కూడా లెక్కలోకి తీసుకుంటే ఎవరు పడొచ్చో అంచనా మెరుగుపడింది.

అదంతా తెలుసుకుంటుంటే నా గొంతు పట్టేసింది. మా అమ్మ కూడా అలాగే పడింది. దానికి నెల ముందే ఒక డాక్టరు దగ్గర గదిలో అటూ ఇటూ నడిచి చూపించింది. చీర సర్దుకుని, తల ఎత్తి, పెళ్లిచూపులంత జాగ్రత్తగా నడిచింది. "బాగానే నడుస్తున్నారు," అన్నారాయన. ఆ నడక నిజమే. కానీ తెల్లవారుజామున అయిదింటికి, లైటు వెయ్యకుండా, నిద్రమత్తులో పెరటి బాత్రూముకి వెళ్లే నడక వేరు. తుంటి ఎముక విరిగింది ఆ నడకలో. ఎవరూ చూడని ఆ నడకే కదా ఈ పెట్టె చూసేది!

ప్రపంచంలో ఏటా 6,84,000 మంది పడిపోయి ప్రాణాలు కోల్పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మనం మాత్రం 'వయసైపోయింది, పడింది' అని ఊరుకుంటాం. ఇక్కడ ఊరుకోరు. పెద్దావిడ ఒక తరగతికి కూడా వెళ్లొచ్చింది. దాని పేరుకి అర్థం 'పడిపోవడం భూతకాలం'. అడ్డంకులు దాటడం నేర్పుతారు, జూడో వాళ్లలా దెబ్బ తగలకుండా పడడం కూడా నేర్పుతారు. పరుపు మీద ఎలా దొర్లిందో చేతులతో చూపిస్తూ చిన్నపిల్లలా నవ్వింది.

ఆ పెట్టెకి తెలియనివీ ఉన్నాయి. బాత్రూములో సబ్బు నీళ్లున్నాయని తెలియదు, గడప ఎత్తు తెలియదు. పైగా ఆ అంచనాలు డచ్చివాళ్ల నడకలోంచి వచ్చినవి. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని లేచే మోకాళ్లనీ, చీర కుచ్చిళ్లు అడ్డుపడే వట్టి కాళ్ల నడకనీ అది మళ్లీ నేర్చుకోవాలి. మన ఊళ్లలో ఎవరైనా ఆ పని చేయాలని నాకెంత ఆశగా ఉందో!

ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేశాను. ఇప్పుడు వాకర్‌తో నడుస్తోంది.

"అమ్మా, పొద్దున్నే లైటు వేసుకునే వెళ్తున్నావా?"

"లైటెందుకే, అరవై ఏళ్లుగా తిరిగిన ఇల్లు," అంది.

"నాన్నకి ఫోనివ్వు," అన్నాను. మంచం పక్కన చేతికందేలా స్విచ్ పెట్టించమని, మర్నాడే ఎలక్ట్రీషియన్‌ని పిలవమని చెప్పాను. గడప సంగతి కూడా అడిగాను. కొలిచి చెబుతానన్నారు.