అధ్యాపకులు కార్మికులు కారా?

మన దేశంలో అధ్యాపకుడికి ఉన్నన్ని బిరుదులు మరే వృత్తిలో ఉన్నవాడికీ లేవు. గురువు దైవమంటారు, జాతి నిర్మాత అంటారు. ఆ జాతి నిర్మాతను వేసవి సెలవుల్లో ఒక్క నోటిమాటతో ఇంటికి పంపవచ్చుననీ, అప్పుడు ఈ బిరుదులే అతనికి అడ్డు వస్తాయనీ నాకు 2019లో స్వానుభవంతో తెలిసింది. నా గొడవ వెళ్ళబోసుకోవడానికి ఇది రాయడం లేదు. న్యాయం కోసం వెళ్ళిన అధ్యాపకుడికి చట్టం ఏ ముఖం చూపిస్తుందో మనందరం తెలుసుకోవడం అవసరం గనుక రాస్తున్నాను.

నేను గుంటూరులో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఏడేళ్ళు తెలుగు చెప్పాను. ఇంటర్మీడియట్‌లో ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకుంటే మార్కులు ఎక్కువ వస్తాయని తల్లిదండ్రుల నమ్మకం. చదువు సరుకైన చోట భాష కూడా సరుకే గదా! తెలుగు సెక్షన్లు ఏటేటా తగ్గిపోయాయి. దానికి తోడు ఎండాకాలమంతా లెక్చరర్లు ఊళ్ళు తిరిగి అడ్మిషన్లు పట్టుకురావాలి. మే నెలాఖరున ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "జూన్ నుంచి మీకు క్లాసులు లేవమ్మా, వేరే ఎక్కడైనా చూసుకోండి" అన్నారు. కాగితం ఇవ్వలేదు, చేరినప్పుడూ ఇవ్వలేదు. అప్పుడు తీసుకున్న నా ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం వాళ్ళ బీరువాలోనే ఉన్నాయి. రెండు నెలల జీతం బాకీ.

మొదట కలుసుకున్న వకీలు గారు, "తీసేసిన ఉత్తర్వు ఏదమ్మా?" అన్నారు. లేదన్నాను. "నియామకపు ఉత్తర్వు?" అదీ లేదు. "మరి మీరక్కడ పనిచేశారనడానికి రుజువేమిటి?" ఏడేళ్ళలో నా దగ్గర చదువుకున్న పిల్లలు వందల మంది. కాని ఆయనకు కావలసింది కాగితం.

కార్మిక శాఖ కార్యాలయానికి పోతే అక్కడి అధికారి, "మీరు టీచర్లు, మా కిందికి రారు మేడమ్" అన్నాడు. అతను చెప్పింది తప్పు కాదు. విద్యాసంస్థ కూడా పరిశ్రమేనని 1978లో బెంగుళూరు నీటి సరఫరా బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఉపాధ్యాయులు కార్మికులు కారని, గోవాకు చెందిన సుందరాంబాళ్ అనే టీచరు కేసులో 1988లో ఆ కోర్టే తీర్పు చెప్పింది. బోధన అనేది ఉదాత్తమైన వృత్తి అట! కళాశాల పరిశ్రమే, అందులో గుమాస్తా కార్మికుడే, పాఠం చెప్పే మనిషి మాత్రం కార్మికుడు కాడు. ఆ చట్టం స్థానంలో 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల స్మృతి పత్రికా విలేకరులనూ, అమ్మకాల ప్రచార ఉద్యోగులనూ పేరు పెట్టి మరీ కార్మికులలో చేర్చింది. టీచరు పేరు చేర్చలేదు. ఎండల్లో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరిగినప్పుడు మేం చేసింది అమ్మకాల ప్రచారం కాక మరేమిటి?

చివరకు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళాను. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకూ, షెడ్యూల్డు కులాల, తెగల వారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఈ సంగతి ఎంతమంది అధ్యాపకులకు తెలుసు? నాకిచ్చిన వకీలు చిన్న వయసు అమ్మాయి. విచారణ జరపకుండా ప్రైవేటు విద్యాసంస్థలోని టీచరును తొలగించరాదని చెప్పే 1982 నాటి రాష్ట్ర విద్యా చట్టాన్ని ఆమె బయటికి తీసింది. రుజువుకోసం నా కాగితాలన్నీ తిరగేసింది. ఇంటర్మీడియట్ బోర్డు నన్ను స్పాట్ వాల్యుయేషన్‌కు పిలిచిన ఉత్తర్వులు దొరికాయి. వాటిమీద నా పేరూ, కళాశాల పేరూ పక్కపక్కనే ఉన్నాయి. యాజమాన్యం ఇవ్వని కాగితం బోర్డు ఇచ్చింది.

నోటీసు వెళ్ళాక యాజమాన్యం రాజీకి వచ్చింది. లోక్ అదాలత్‌లో సర్టిఫికెట్లు తిరిగి ఇచ్చారు, జీతం బాకీ, పైన మూడు నెలల జీతం ఇచ్చారు. ఉద్యోగం ఇవ్వలేదు. ఇంటి అద్దె కట్టాలి గనుక సంతకం చేశాను. ఆ స్థితిలో ఎవరైనా చేస్తారు.

అయితే ఆ రాజీ వల్ల నాతోపాటు ఆ వేసవిలో ఇంటికి పోయిన మిగతావారికి ఏం ఒరిగింది? ఏమీ లేదు. రాజీలో హక్కు తేలదు, లెక్క మాత్రమే తేలుతుంది. దీని పక్కన మరో కేసు పెట్టి చూడండి. గ్రాట్యుటీ కోసం అహమ్మదాబాదు ప్రైవేటు ప్రాథమికోపాధ్యాయుల సంఘం సుప్రీంకోర్టు దాకా పోయి 2004లో ఓడిపోయింది. కాని 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా టీచర్లందరికీ గ్రాట్యుటీ ఇచ్చింది. ఒంటరిగా వెళ్ళి నేను గెలుచుకున్నది నా ఒక్కదానితో ఆగిపోయింది. సంఘంగా వెళ్ళి వాళ్ళు ఓడిపోయినది దేశంలోని టీచర్లందరికీ హక్కయింది.

కాబట్టి అధ్యాపక మిత్రులు రెండు పనులు చెయ్యాలి. తమ పేరూ, సంస్థ పేరూ ఉన్న ప్రతి కాగితాన్నీ దాచుకోవాలి. అంతకన్న ముఖ్యంగా, "మనం కూలివాళ్ళం కాము" అనే మధ్యతరగతి గర్వాన్ని వదులుకోవాలి. ఆ గర్వం మనకు మర్యాద తెస్తుందేమోగాని, రక్షణ తేదు. జీతం కోసం పనిచేసేవాడు శ్రామికుడు. ఆ మాట మనమే ఒప్పుకోకపోతే చట్టం చేత ఎట్లా ఒప్పిస్తాం?