కూటానికీ కూటానికీ మధ్య

2024 ఫిబ్రవరి 14, బుధవారం

బూడిద బుధవారం, ప్రేమికుల రోజు ఈ ఏడు ఒకే తేదీన పడ్డాయి. స్టాఫ్‌రూములో పొద్దుటినుంచీ ఇదే జోకు. నుదుట బూడిద పెట్టుకోవడం మా బాప్టిస్టు ఇళ్ళలో లేదుగానీ, శ్రమల దినాల కూటాలు మాత్రం మా పేటలో ఏటా ఇల్లు మార్చి ఇల్లు జరుగుతాయి. ఈసారి ఎవరింట్లో ఎప్పుడన్నది కాగితం మీద రాలేదు, వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా వచ్చింది. పైన దైవజనుడి ఫొటో, కింద సిలువ, ఆ కింద లైవ్ లింకు. ఫొటో సిలువకంటే పెద్దది. అయ్యగారు వేయించుకున్నది కాదులే, డిజైన్ చేసిన కుర్రాడి అభిమానం.

ఫిబ్రవరి 18, ఆదివారం

ఫోను తెరవగానే వాక్యాల కార్డులు. గులాబీలు, సూర్యోదయం, జలపాతం. యిర్మీయా 29:11 ఒక్కటే మూడు గ్రూపుల్లో మూడు రంగుల్లో వచ్చింది. అది బబులోనుకు చెరగా వెళ్ళినవాళ్ళకు రాసిన ఉత్తరంలోని మాట. మీరు అక్కడ డెబ్బై ఏళ్ళు ఉండాలి, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని అదే అధ్యాయంలో దానికి పైనే ఉంది. కార్డులో అంత చోటు లేదు. తన సిలువను మోయనివాడు శిష్యుడు కాలేడన్న లూకా 14:27ని జలపాతం బొమ్మ మీద వేసి పంపినవాళ్ళను నేనింతవరకూ చూడలేదు.

డిసెంబరు 31 రాత్రి వాగ్దానం కార్డు తీసుకోవడం మనకు ముందునుంచీ ఉన్నదే. అప్పట్లో ఏడాదికి ఒకటి వచ్చేది, దాన్ని బైబిల్లో పెట్టుకుని ఏడాదంతా చూసుకునేవాళ్ళం. ఇప్పుడు పూటకొకటి. నిన్నటిది ఏమిటని అడిగితే పంపినవాళ్ళకే గుర్తుండదు.

ఫిబ్రవరి 22, గురువారం

కూటం చివరి సందులో అవ్వ ఇంట్లో. అవ్వకు చదువు రాదు. వయసులో ఉన్నన్నాళ్ళూ పొగాకు గ్రేడింగుకు వెళ్ళింది. ఆకును వేళ్ళ మధ్య నలిపి చూసి రకం చెప్పేదట. ఆమె మంచం కోడుకు ఒక కీప్యాడ్ ఫోను తాడుతో వేలాడుతుంటుంది. సెల్ షాపు కుర్రాడు మెమరీ కార్డులో ఆడియో బైబిలు ఎక్కించి ఇచ్చాడు. ఏ నంబరు నొక్కితే ఏది వస్తుందో అవ్వకు కంఠతా. అయిదో మీట తెల్లగా అరిగిపోయింది. అది కీర్తనలకు.

"చదివే ఆయన ఉరుకులు పెడతాడమ్మాయ్. ఒక ముక్క అర్థమయ్యేలోపు ముందుకు పోతాడు. ఆగమంటే ఆగడు" అంది.

ఈ యంత్రాలన్నీ విశ్వాసానికి చేటని ఎవరైనా ప్రసంగిస్తే నాకు ముందు ఈ అవ్వ గుర్తొస్తుంది. తెలుగు కొత్త నిబంధన అచ్చయింది 1818లో. రెండు వందల ఏళ్ళు దాటినా అది ఆమె చేతికి పుస్తకంగా అందలేదు. చెవికి అందింది, మూడేళ్ళ కిందట. అందించింది మేము కాదు, సెల్ షాపువాడు.

కానీ ఆగమంటే ఆగేవాడు ఒకడు కావాలి ఆమెకు. ఆ పని మా సంఘంలో ఎవరిదో ఏ పీడీఎఫ్‌లోనూ రాసి లేదు.

ఫిబ్రవరి 27, మంగళవారం

మా నాన్నకు వాక్యం రేడియోలో వచ్చింది. రాత్రిళ్ళు మర్ఫీ సెట్టు చెవికి ఆనించుకుని షార్ట్‌వేవ్‌లో ఫెబా స్టేషను వినేవాడు. ఆ ప్రసారాలు హిందూ మహాసముద్రంలోని సేషెల్స్ దీవుల నుంచి వచ్చేవి. 1970లో మొదలై 2003లో ఆగిపోయాయి. అక్కడ ఏరియల్ స్తంభాలను సముద్రంలో, పగడపు దిబ్బ మీద నిలబెట్టారని నాన్న గొప్పగా చెప్పేవాడు. స్వయంగా వెళ్ళి చూసొచ్చినట్టే చెప్పేవాడు.

అయితే నాన్నను మార్చింది రేడియో ఒక్కటే అనుకోను. దాని వెంబడి పోస్టులో బైబిలు పాఠాలు వచ్చేవి. ప్రశ్నలకు జవాబులు రాసి పంపితే ఎవరో దిద్ది తిప్పి పంపేవారు. ఒక కాగితం ఇంకా బీరువాలో ఉంది. "మీ శత్రువు ఎవరు? అతనికోసం ప్రార్థించారా?" అన్న ప్రశ్నకు నాన్న "అవును" అని ఒక్క ముక్క రాశాడు. పక్కన ఎర్ర సిరాతో, "ఎప్పుడు? పేరు రాయనక్కరలేదు, మీకు తెలిస్తే చాలు" అని ఉంది. ఆ దిద్దినాయన ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు. ఊరూ పేరూ తెలియని ఆ మనిషి మా నాన్నను అడగాల్సిన మాట అడిగాడు.

మార్చి 1, శుక్రవారం

స్త్రీల ప్రపంచ ప్రార్థనా దినం. ఈ ఏటి ఆరాధన క్రమం పాలస్తీనా క్రైస్తవ స్త్రీలు రాసింది, ఎఫెసీ పత్రిక నాలుగో అధ్యాయం మీద. ప్రేమతో ఒకరినొకరు సహించుకోవడం గురించి. గాజా వార్తలు రోజూ ఫోనుల్లో చూస్తూనే ఉన్నాం, వేలితో పైకి తోస్తూనే ఉన్నాం. అక్కడివాళ్ళు రాసిన ప్రార్థనను ఇక్కడ నిలబడి చదివేటప్పుడు తోసెయ్యడానికి లేదు. గొంతు పెట్టి పలకాలి. ఇద్దరు ముగ్గురికి నోట మాట రాలేదు.

మార్చి 5, మంగళవారం

మా ఇంట్లో కూటం. వరండాలో ట్రైపాడు, దాని చుట్టూ వైర్లు, సౌండు బాక్సు పక్కింటి గోడవైపు. జనం ఇరవై మంది లోపే, లైవ్‌లో అంతకు రెట్టింపు. రాత్రి తొమ్మిది కావస్తుండగా, వాక్యం సగంలో ఉండగా లైవ్ ఆగింది. కెమెరా కుర్రాడు మొహం తుడుచుకుంటూ వైర్లన్నీ పీకి పెట్టాడు. తర్వాత తెలిసింది, లైవ్ నడిచే ఆ యాప్ ప్రపంచమంతటా ఒకేసారి ఆగిందని. మా వైరు తప్పేం లేదు.

అయ్యగారు మైకు పక్కన పెట్టి కుర్చీ ముందుకు జరుపుకున్నారు. లైవ్ ఉన్నంతసేపూ ఆయన చూపు మా తలల మీదుగా కెమెరాకు పోయేది. ఇప్పుడు మమ్మల్ని చూస్తూ మాట్లాడారు. పావుగంటలో మూడు ప్రశ్నలొచ్చాయి. మా ఎదురింటి ఆమె, ఏనాడూ నోరెత్తని మనిషి, "అయ్యగారూ, మా ఆయన తాగొచ్చినప్పుడు నేను ప్రార్థన చేసుకోవాలా, తలుపేసుకోవాలా?" అని అడిగింది. అది లైవ్‌లో వెళ్ళే ప్రశ్న కాదు. ముందు తలుపేసుకోమన్నారు అయ్యగారు. పాస్టరమ్మగారు రేపు వాళ్ళింటికి వస్తానన్నారు.

మార్చి 10, ఆదివారం

యవ్వనస్థుల కూటం. ఇంజనీరింగు కుర్రాడి వంతు. క్షమాపణ మీద చక్కటి ప్రసంగం తెచ్చాడు. మూడు భాగాలు, ప్రతి దానికీ రెఫరెన్సులు, చివర ప్రార్థన కూడా రాసే ఉంది. చాట్‌జీపీటీ రాసిచ్చిందని వాడే చెప్పాడు, దాపరికం లేదు. రెఫరెన్సులు తీసి చూశాం, సరిగ్గానే ఉన్నాయి.

సంఘపెద్ద అంతా విని, "బాగుంది నాయనా. ఇందులో నీకు మింగుడుపడనిది ఏది?" అన్నాడు.

వాడు కాగితం అటూ ఇటూ తిప్పాడు. కాసేపాగి, బండి కొనిచ్చే విషయంలో సంక్రాంతినుంచీ తండ్రితో మాటల్లేవని చెప్పాడు. అక్కడినుంచి గంటసేపు నడిచింది కూటం, కాగితం అవసరం లేకుండా.

ఆ ప్రసంగంలో నాకు తప్పేమీ కనబడలేదు. ఆ మాటకొస్తే పెద్ద పెద్ద మైకుల్లో వినే వాటికంటే నయం. కాకపోతే అది వాడి జోలికి రాకుండానే పూర్తయిపోయింది. పెద్దాయన లేకపోతే మేమంతా చప్పట్లు కొట్టి టీ తాగి వెళ్ళిపోయేవాళ్ళం.

మార్చి 13, బుధవారం

ఆ ఇంజనీరింగు కుర్రాడి గురించి ఆలోచిస్తూ మిషనరీ క్లౌ దొరగారి సంగతులు మళ్ళీ తీశాను. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిదిమందితో మొదలైంది. పదేళ్ళకు గొప్ప కరువు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు క్లౌ. ఆ రోజుల్లోనే బాప్తిస్మం అడిగేవాళ్ళు ఎగబడ్డారు. ఆయన ఇవ్వలేదు. కూలికోసం వచ్చారో క్రీస్తుకోసం వచ్చారో తేలాలి కదా అని కరువు పనులు సాగినంతకాలం ఆపేశాడు. పనులు ముగిశాక కూడా జనం అదే మాట మీద ఉన్నారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం.

ఆ అంకె మా వాళ్ళందరికీ నోటికొచ్చు. బ్యానర్ల మీద కూడా వేస్తారు. నాకు నచ్చేది వేరే సంగతి. క్లౌ ఆ రోజు నీళ్ళలో దిగి ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తెలుగు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులు మార్చుకుంటూ ఇచ్చారు. ఏ పల్లె జనం ఆ పల్లె బోధకుడితో వచ్చారు. ఎవరు తాగుతారు, ఎవరు చాటుగా పాత మొక్కులు తీర్చుకుంటారు, ఎవరు అప్పు ఎగ్గొట్టారు అన్నీ ఆ బోధకుడికి తెలుసు. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగిన యెర్రగుంట్ల పేరయ్యలాంటి వాళ్ళు పల్లెపల్లెనా ముందే పని చేసి ఉండబట్టే ఆ అంకె నిలిచింది.

ఇప్పుడు "ఆమెన్ అని టైపు చేయండి" అంటే అయిదు నిమిషాల్లో రెండువేలు దాటుతాయి. అందులో ఒక్కరి సంగతీ అడిగినవాళ్ళకు తెలియదు.

మార్చి 17, ఆదివారం

నిన్న ఎన్నికల తేదీలు వచ్చాయి. రాష్ట్రానికి మే 13. అప్పుడే గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది, ఎక్కడో చర్చి తగలబెడుతున్నారని, "కనీసం పదిమందికి పంపండి" అని. ఏ ఊరు, ఏ ఏడాది, ఏమీ లేదు. ఎక్కడిదని అడిగితే, "అక్కా, మన విశ్వాసులమీద జరిగేదాన్ని అనుమానిస్తావా?" అన్నారు. అబద్ధ సాక్ష్యం పలకరాదన్నది పది ఆజ్ఞల్లోదే. మనకు అనుకూలంగా ఉంటే పలకవచ్చని అందులో లేదు. నిజంగా దెబ్బలు తిన్నవాళ్ళకు ఈ దొంగ వీడియోలే శత్రువులు. రేపు వాళ్ళు చెప్పుకుంటే ఎవరూ నమ్మరు.

మార్చి 18, సోమవారం

టెన్త్ పరీక్షలు మొదలు. ఇన్విజిలేషన్ డ్యూటీ. ఫోన్లు లోపలికి తీసుకెళ్ళకూడదు. మూడు గంటల పైన పిల్లల మొహాలు చూస్తూ నిలబడ్డాను. కిటికీ పక్క పిల్ల సమాధానం గుర్తొచ్చినప్పుడల్లా ఎడమకాలి చెప్పు విప్పి మళ్ళీ తొడుక్కుంటోంది. వాళ్ళలో కొందరికోసం పేరుపేరునా ప్రార్థన చేశాను. హాల్‌టిక్కెట్ల మీద పేర్లుంటాయి కదా.

మార్చి 22, శుక్రవారం

డాలస్ నుంచి మా పిన్ని కూతురు ఫోను. బైబిలు యాప్‌లో తన వరుస ఒక్క రోజూ తెగకుండా ఏడాది దాటిందట, స్క్రీన్‌షాట్ పంపింది. ఓక్లహోమాలో ఒక చర్చివాళ్ళు 2008లో మొదలుపెట్టిన యాప్ అది. తెలుగు బైబిలు కూడా ఉంది. మంచి పనే. "ఏం చదువుతున్నావే?" అన్నాను. "ఇప్పుడా? సంఖ్యాకాండమో ద్వితీయోపదేశకాండమో... పన్నెండు కొట్టేలోపు తెరవకపోతే వరుస పోతుందక్కా" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ తర్వాత తనే, అక్కడ ఇద్దరు తెలుగు ఆడవాళ్ళతో శనివారాలు వీడియో కాల్‌లో మార్కు సువార్త చదువుతున్నామని చెప్పింది. ఒకామెకు ఉద్యోగం పోయిందని, ఇంకొకామె పిల్లాడితో వేగలేకపోతోందని, ఎవరి మీద ఎవరు విసుక్కున్నారని, అరగంట చెప్పింది. దానికి స్క్రీన్‌షాట్ లేదు.

మార్చి 24, మట్టల ఆదివారం

పిల్లలు ఈతమట్టలు పట్టుకుని హోసన్న పాడుతూ వచ్చారు. కానుక బల్ల మీద కొత్తగా క్యూఆర్ కోడ్, దాని పక్కన స్పీకరు డబ్బా. ప్రార్థన మధ్యలో అది గట్టిగా, "అయిదు వందల రూపాయలు అందాయి" అంది. కాసేపటికి, "పది రూపాయలు అందాయి". వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పది వేసిన చెయ్యి ఎవరిదోగానీ తల ఎత్తి ఉండదు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న చోట ఆ డబ్బా ఊరందరికీ చాటుతోంది. ఆరాధన అయ్యాక సంఘపెద్ద దాని నోరు నొక్కించాడు. కోడ్ మాత్రం ఉంచారు. చిల్లర లేదని కానుక మానేసేవాళ్ళు తగ్గారట, ట్రెజరర్ సంతోషంగా ఉన్నాడు.

మార్చి 29, గుడ్ ఫ్రైడే

పన్నెండునుంచి మూడుదాకా సిలువ మీద పలికిన ఏడు మాటలు. అంతా తెల్లచీరలు, ఎండ మండిపోతోంది. ఈసారి లైవ్ వద్దన్నారు అయ్యగారు. మంచంలో ఉన్న ముగ్గురికి ఫోను కలిపి పెట్టారంతే. 2020లో లాక్‌డౌన్ ఈస్టరు ఇళ్ళలో చేసుకున్నప్పుడు ఫోనే మాకు గుడి అయింది, ఆ మేలు మరవకూడదు. అప్పటినుంచి ఇంట్లోనే ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళలో కొందరు కాళ్ళూ చేతులూ బాగున్నవాళ్ళే.

ఏప్రిల్ 7, ఆదివారం

ఈస్టరుకు బాప్తిస్మం తీసుకున్న పిల్లలు పదకొండుమంది. వాళ్ళకోసం ఇంకో వాట్సాప్ గ్రూపు పెడదామన్నారు కమిటీలో. సంఘపెద్ద ఒప్పుకోలేదు. అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయం తీసి చదివాడు. ఐతియొపీయుడి చేతిలో గ్రంథం ఉంది, నడిచే రథం ఉంది, చదువు ఉంది. చదివింది గ్రహిస్తున్నావా అని ఫిలిప్పు అడిగితే, ఎవరైనా తోవ చూపకపోతే ఎట్లా అన్నాడు. ఫిలిప్పు ఎక్కి పక్కన కూర్చున్నాడు.

ఒక్కో పిల్లకూ పిల్లాడికీ ఒక్కో పెద్ద మనిషి. ఆడపిల్లకు ఆడమనిషి, మగపిల్లాడికి మగమనిషి. వారానికి ఒకసారి, ఒక అధ్యాయం, ఎదురెదురుగా కూర్చుని. పిల్లలు ఏమడిగినా కసురుకోకూడదు. తెలియకపోతే తెలియదని చెప్పి వచ్చే వారానికి తెలుసుకుని రావాలి. ఇంజనీరింగు కుర్రాడు తనకు పెద్దాయనే కావాలన్నాడు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి బుధవారాలు అవ్వ దగ్గరికి వెళ్ళి పుస్తకంలోంచి చదువుతానంది, ఆగమన్నచోట ఆగి. అవ్వ చదవలేకపోయినా ఆ పిల్లకు పెద్ద మనిషి అవ్వేనని రాసుకున్నారు.

సాయంత్రానికి పేర్లిచ్చిన పెద్దలు అవ్వతో కలిపి ఏడుగురు. ఇంకా నలుగురు కావాలి.