ఎనిమిది ప్రశ్నార్థకాలు



చాలా నాళ్ళకు వ్రాస్తున్నాను. విషయం ఒక కంప్యూటరు ఆట. అరవై దాటిన తెలుగు పండితునికి ఆటల గొడవ ఏల అని మీరు నవ్వుకోవచ్చును. నవ్వుకుంటూనే కడదాకా చదవండి. మన లిపి సంగతి అందులోనే ఉన్నది.

మా అమ్మాయిని పులివెందులలో ఇచ్చినాము. అల్లునికి అక్కడ చీనీతోట ఉన్నది. మనవడు ఏడవ తరగతి ముగించుకొని ఈ వేసవిలో ప్రొద్దుటూరికి, మా ఇంటికి వచ్చినాడు. ఒక చేత చీనీకాయల సంచి, మరొక చేత స్నేహితుని వద్ద ఎరువు తెచ్చుకున్న పెన్‌డ్రైవు. సంచిని వాళ్ళ అవ్వకిచ్చి, చెప్పులైనా విప్పకుండా నా దగ్గరికి వచ్చి, "తాతా, మైన్‌క్రాఫ్టులో మాడ్ ఎక్కలేదు, నీ ల్యాప్‌టాపులో చూద్దామా?" అన్నాడు.

మైన్‌క్రాఫ్టు స్వీడన్‌లో పుట్టిన ఆట. పూర్తిరూపంలో 2011లో వెలువడింది. 2014లో మైక్రోసాఫ్టువారు దానిని చేసిన సంస్థను 250 కోట్ల డాలర్లకు కొన్నారు. అందులోని లోకమంతా దిమ్మెలతో కట్టి ఉంటుంది. ఒక్కొక్క దిమ్మె మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. చంపడాలూ చావడాలూ కూడా ఉన్నవి గానీ మావాడికి వాటి మీద ధ్యాస లేదు. వాడు గండికోట కడుతున్నాడు.

ఆ దోషం నాదే. జమ్మలమడుగులో తొమ్మిదేండ్లు పని చేసినాను. అక్కడికి గండికోట పదిహేను కిలోమీటర్లు. ఏటా బడిపిల్లలను తీసుకొని పోయేవాణ్ణి. పోయిన దసరాకు మనవణ్ణి కూడా తీసుకొని పోయినాను. ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్న పారే లోయకు కుడిగట్టున ఉన్నదా కోట. లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథాలయం, జామియా మసీదు, ధాన్యాగారం. తక్కిన పిల్లలు లోయ అంచున నిలబడి ఫోటోలు తీసుకుంటూ ఉంటే, వీడు ధాన్యాగారం చుట్టూ అడుగులు వేసి కొలుచుకొని నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాడు. ఎందుకో నాకప్పుడు తెలియలేదు.

ధాన్యాగారం, గుడి చేతితోనే కట్టినాడు. చిక్కంతా ప్రాకారం దగ్గర వచ్చింది. మైళ్ళ పొడవున పోయే గోడను ఒక్కొక్క దిమ్మెగా పేర్చుకుంటూ పోతే వేసవి ముగుస్తుంది, గోడ ముగియదు. వరల్డ్‌ఎడిట్ అనే మాడ్ ఉంటే ఆ కష్టం తీరుతుందట. కొయ్యగొడ్డలితో రెండు మూలలు గుర్తుపెట్టి, ఇంతకు పదింతలు చేయుమని ఒక ఆజ్ఞ టైపు చేస్తే చాలు, గోడ దానంతట అదే సాగుతుంది.

మాడ్ అంటే ఏమిటో మీకు వేరుగా చెప్పనక్కరలేదనుకుంటాను. ఆ రోజుల్లో దినపత్రికల సొంత ఫాంట్లను యూనికోడుగా మార్చి చదివించే 'పద్మ'ను ఫైర్‌ఫాక్సుకు తగిలించుకున్నవాళ్ళమే గదా మనలో సగంమంది. ఒకరు చేసిన దానిలోకి ఇంకొకరు చొప్పించిన చేర్పు. మా పరిభాషలో దీనికి చక్కని పేరున్నది: ప్రక్షిప్తం. కావ్యాలలో ప్రక్షిప్తాలను ఏరివేయడం పండితుల పని అయితే, దానిని ఎట్లాగైనా చొప్పించడం మా మనవని పని. ఆ పనికి నన్ను సాయం పిలుస్తున్నాడు.

మొదటి రెండు దినాలు పాఠాంతరాల గొడవతోనే గడిచినవి. ఈ ఆటకు మాడ్ ఫైలును ఊరకే పక్కన పెడితే అది చూడనైనా చూడదు. లోపలికి తీసుకొనిపోవడానికి మధ్యవర్తి ఒకటి కావలెను; ఫోర్జ్, ఫాబ్రిక్ అనేవి అట్లాంటివి. మావాడు ఫాబ్రిక్ పెట్టుకొని, ఫోర్జ్ కోసం చేసిన ఫైలు దించుకున్నాడు. అది సరిచేస్తే, ఆట 1.21, మాడ్ అంతకు పాతదానికి చేసినది. అదీ సరిచేస్తే, ఫాబ్రిక్ ఏపీఐ అనే మరొక ఫైలు లేదని ఒక కిటికీ తెరుచుకున్నది. సి.పి.బ్రౌను దొర కడపలో బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి, ఒక్కొక్క కావ్యానికి నాలుగైదు తాళపత్ర ప్రతులు తెప్పించి పోల్చి చూపించినాడని తరగతిలో ఎన్నిసార్లు చెప్పినానో. ఏ ప్రతి ఏ ప్రతితో పొసగుతుందో చూసుకొనే పనిలో ఎంత విసుగున్నదో ఇప్పుడు తెలిసివచ్చింది.

ఇక్కడ మావాడి అలవాటు ఒకటి చెప్పవలెను. తెర మీద దోషం కనబడగానే చదవకుండా మూసేస్తాడు. మళ్ళీ నొక్కుతాడు. మళ్ళీ అదే వస్తుంది, మళ్ళీ మూస్తాడు. మూడోసారి నేను చేయి పట్టుకొని ఆపినాను.

"ఏం రాసిందో చదువు అబ్బీ."

"అదేదో ఎర్రర్ తాతా. అంతా చదవాల్నా?"

"చదవాల. పదచ్ఛేదం చేసి చదువు."

నాకు జావా రాదు. అయినా వాక్యం వాక్యమే గదా. నూరు పంక్తుల ఆ గోలలో 'కాజ్డ్ బై' అని మొదలయ్యే పంక్తులు అక్కడక్కడ ఉంటవి. వాటిలో చివరిదాని దగ్గర అసలు కారణం ఉంటుంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వచ్చినట్టే. ఆనాడు అక్కడ దొరికినది ఇది: ఈ ఫైలు 65వ తరహాది, ఇక్కడి జావా 52వ తరహా వరకే గుర్తుపట్టగలదు. ఆ అంకెల నుండి 44 తీసివేస్తే జావా సంఖ్య వస్తుందని వెదికి తెలుసుకున్నాము. అనగా కావలసినది జావా 21, నా ల్యాప్‌టాపులో ఉన్నది ఎప్పుడో ఏ పనికో పెట్టుకున్న జావా 8. కొత్తది దించి పెట్టినాము. పెన్‌డ్రైవు నుండి ఆట తెరుచుకున్నది. గొడ్డలి పనిచేసింది. ఇంట పండుగ.

పెన్‌డ్రైవులో ఆట నత్తనడక నడుస్తూ ఉండెను. అదీగాక అది ఎరువు సొమ్ము. కనుక మొత్తం ఫోల్డరును కంప్యూటరులోకి నకలు చేసుకొని అక్కడి నుండి తెరిచినాడు. తెరుచుకోలేదు. ప్రధాన క్లాసు దొరకలేదని సందేశం. ఫైళ్ళు అవే, జావా అదే. పెన్‌డ్రైవులో ఆడినది ఇంట్లోకి వచ్చేసరికి మొరాయించింది. మారినది చోటొక్కటే గదా అనుకొని, ఆ ఫైలు ఉన్న దారి ఎట్లా వ్రాసి ఉన్నదో లాగ్‌లో చూసినాను. సీ డ్రైవు, అందులో యూజర్స్, దాని తరువాత నా ఖాతా పేరు ఉండవలసిన చోట ఇట్లా ఉన్నది:

????????

"తాతా, నీ పేరును వైరస్ తినేసినట్టుండాది" అన్నాడు.

నా ఖాతా పేరు 'పెన్నేరు'. తెలుగు లిపిలోనే. ల్యాప్‌టాపు కొన్ననాడే పట్టుబట్టి పెట్టుకున్నాను. బ్రతుకంతా జమ్మలమడుగులోనూ ప్రొద్దుటూరులోనూ ఆ ఏటి గట్టునే గడిచింది గదా. ప్రశ్నార్థకాలు లెక్కపెట్టినాను. ఎనిమిది. పెన్నేరు మూడక్షరాలు: గురువు, గురువు, లఘువు. తగణం. మరి ఎనిమిది ఎక్కడివి? యూనికోడు లెక్క వేరు. ప, దాని ఎత్వం, న, పొల్లు, మరల న, ఏత్వం, ర, కొమ్ము. సరిగా ఎనిమిది. తెలుగుకు కేటాయించిన 128 గదులలోని ఎనిమిదింటిని ఒక్కొక్కటిగా తీసి, తనకు తెలియదని ఒక్కొక్క ప్రశ్నార్థకం పెట్టింది. ఏ పనిముట్టు ఈ పని చేసిందో దాని పేరు వ్రాయను. ఎవరో ఉచితంగా చేసిపెట్టిన చిన్న లాంచరు. అది ఫైళ్ళ పేర్లను పాత ఎనిమిది బిట్ల పట్టికల దారిన చేరవేస్తుంది. తెలుగుకు విండోస్‌లో అట్లాంటి పాత పట్టిక ఏనాడూ లేదు, మనం నేరుగా యూనికోడుతోనే లోపలికి వచ్చినవాళ్ళం. ఇంకొక వింత చూడండి. విండోస్‌లో ఫోల్డరు పేరులో ప్రశ్నార్థకం ఉండనే కూడదు. అనగా అది వెదుకుతున్న ఫోల్డరు ఏ విండోస్ యంత్రంలోనూ ఉండే అవకాశమే లేదు.

"నీ పేరు వల్లే తాతా. ఇంగ్లీషులో మార్చు, అయిపోతాది."

వాడు నిష్ఠూరంగా అనలేదు. దారిలో ఉన్న రాయిని పక్కకు జరుపుమన్నట్టు అన్నాడు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

2006లో ప్రొద్దుటూరులో ఒక నెట్ సెంటరులో, గంటకింత అని ఇచ్చి కూర్చునేవాణ్ణి. తెరపై తెలుగంతా డబ్బాలు. ఎక్స్‌పీలో కంట్రోల్ ప్యానెలుకు పోయి, భాషల పలకలో సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టమని బ్రతిమాలితే, దానికి విండోస్ సీడీ కావలెనని యంత్రం అడిగింది. సెంటరాయన "సార్, సీడీ లేదు, ఏమన్నా అయితే నా మిషను పోతాది" అన్నాడు. ఒక శిష్యుని ఇంటి నుండి సీడీ తెచ్చి, ఆయన గుండె దడ పక్కన కూర్చొని ఫైళ్ళు ఎక్కించి, యంత్రాన్ని ఆపి మరల తెరిచినప్పుడు గౌతమి ఫాంటులో 'క్ష' విడిపోకుండా కుదురుగా నిలబడింది. ఆయన కూడా లేచివచ్చి చూసినాడు. మీలో ప్రతివారికీ ఇట్లాంటి కథ ఒకటి ఉండే ఉంటుంది. ఆ తరువాత లేఖిని వచ్చింది, కూడలి వచ్చింది, డబ్బాల రోజులు పోయినవనుకున్నాను.

ఆ రాత్రి వాడు నిద్రపోయిన తరువాత ల్యాప్‌టాపు తెరిచి పేరు మార్చినాను. ఒప్పుకుంటున్నాను. ఎందరికో తెలుగులో పెట్టుకొండని చెప్పినవాణ్ణి, ఏటి పేరును ఆంగ్లాక్షరాలలో కొట్టినాను. సెలవులు ఇంక పది దినాలే ఉన్నవి; వాడి కోట కంటే నా పంతం గొప్పదా అనిపించింది. మరల తెరిచి చూస్తే స్వాగతపు తెర మీద పేరు మారింది గానీ, ఆట తెరుచుకోలేదు. లాగ్‌లో ఆ ఎనిమిదీ అట్లాగే ఉన్నవి. విండోస్‌లో ఖాతా పేరు మార్చినా, మొదట ఏ పేరుతో ఫోల్డరు పుట్టిందో అది మారదట. లోపల పెన్నేరు పెన్నేరుగానే ఉన్నది. నాకు కలిగినది సిగ్గో సంతోషమో ఇప్పటికీ చెప్పలేను. వెంటనే పాత పేరు పెట్టేసి పడుకున్నాను.

తెల్లవారి కాఫీ త్రాగుతూ ఉండగా తోచింది, పెన్‌డ్రైవులో ఎందుకు ఆడింది? ఆ దారిలో నా పేరు లేదు గనుక. మరి డీ డ్రైవులోనూ నా పేరు లేదు గదా! ఫోల్డరును అక్కడికి నకలు చేసి, లాంచరుకు ఆ చోటు చూపించినాము. రెండు నిమిషాల పని. ఆట తెరుచుకున్నది. మావాడు "ఇంత సులభమా?" అని నా ముఖం చూసినాడు. రాత్రి సంగతి వాడికి చెప్పలేదు. ఇప్పుడు మీకే చెప్పడం.

ఆ మధ్యాహ్నమే గోడ కట్టినాము. పది దిమ్మెల పొడవు, బురుజుతో సహా ఒక ముక్క కట్టి, దాన్ని ఇరవైసార్లు పెంచుమని ఆజ్ఞ ఇచ్చినాడు. మనిషి ఏ వైపు చూస్తూ ఉంటే గోడ ఆ వైపు సాగుతుంది. వాడు ఉత్తరంగా చూస్తున్నాడు. గోడ నేరుగా లోయపైకి పోయి పెన్న మీద ఆకాశంలో వ్రేలాడింది. వాళ్ళ అవ్వ వంటింట్లోనుండి ఏమైందో అని వచ్చేంతగా నవ్వుకున్నాము. ఒక్క ఆజ్ఞతో అదంతా వెనక్కు పోయింది. తూర్పుకు తిరిగి మరల కట్టినాడు.

వాడు పులివెందులకు పోయిన వారానికి ఫోను చేసినాడు. స్నేహితుని యంత్రంలో కూడా మాడ్ ఎక్కలేదట.

"వాని పేరు తెలుగులో ఉండాదా?" అన్నాను.

"లేదు తాతా, నేను కింద నుంచి చదివినా. ఫాబ్రిక్ ఏపీఐ లేదు, పెట్టించినా." కాసేపాగి, "తాతా, మాధవరాయస్వామి గుడి ముందర బోర్డు పెట్టాల. మాధవరాయలో ధకు ఒత్తు ఉంటాదా?" అన్నాడు.

ఉంటుందని చెప్పినాను.

ఒక సందేహం మిగిలింది. విండోస్ ప్రాంతీయ అమరికలలో లోతుగా పోతే, పాత పనిముట్లకు కూడా యూటీఎఫ్-8 వాడుమని ఒక గడి ఉన్నది, పక్కనే బీటా అని వ్రాసి ఉన్నది. అందులో టిక్కు పెడితే ప్రశ్నార్థకాల బెడద తీరవచ్చునని చదివినాను. కానీ నా వద్ద బడి పత్రికల పాత సంచికలు అను ఫాంట్లలో ఉన్నవి, పిల్లల వ్రాతలు. అవి చెడితే మరల దొరకవు. ఆ గడి తాకి చూసినవారెవరైనా ఉంటే, అటువంటి ఫైళ్ళు ఏమైనవో ఒక ముక్క వ్రాయ ప్రార్థన.