కొండనీళ్ల ఊరు వియన్నా

మా ఇంటికి వేసవిలో దిగే ప్రతి తెలుగు అతిథీ పెట్టె కింద పెట్టగానే తలెత్తి పైకప్పు చూస్తారు. అక్కడ సున్నంతో పోసిన పూలతీగలుంటాయి, నడుమ ఒక దీపం వేలాడుతుంటుంది. ఫ్యాను ఉండదు. చూపు గోడల మీదికి పోతుంది. ఏసీ ఉండదు. మూడోసారి నా మొహంలోకి చూస్తారు.

పోయిన జులైలో కొత్తగూడెం నుంచి వచ్చిన మిత్రుడూ అదే చేశాడు. సింగరేణిలో 30 ఏళ్లు జియాలజిస్టుగా చేసి రిటైరైన మనిషి. 46, 47 డిగ్రీల ఎండలో ఓపెన్‌కాస్ట్ గట్ల మీద తిరిగినవాడు. యూరప్ అంటే చలి అని ఎవరు చెప్పారో గాని, భార్యాభర్తలు తలా రెండు స్వెటర్లు, తలా ఒక మఫ్లరు మోసుకొచ్చారు. ఆ రోజు వియన్నాలో 35. "ఇదొక ఎండారా? శివరాత్రి పోగానే మాకింతకంటే మాడుద్ది" అని నవ్వాడు. రాత్రి పన్నెండింటికి మంచినీళ్లకని లేస్తే బనియనుతో కిటికీ దగ్గర నిలబడి కనిపించాడు. "ఒరేయ్, మీ 35 మా 45 కంటే గట్టిదిరా" అన్నాడు.

నిజమే. ఎండ బయట ఎంతుందన్నది కాదు, ఇల్లు దాన్ని ఏం చేస్తుందన్నదే లెక్క. వియన్నాలో మేముండేలాంటి మేడలు 19వ శతాబ్దం రెండో సగంలో లేచాయి. మందపాటి ఇటుక గోడలు, మూడు మీటర్లు దాటిన ఎత్తు, ఒకదాని వెనక ఒకటిగా రెండు వరసల కిటికీ తలుపులు. అన్నీ చలి కోసం కట్టినవే. నాలుగు రోజులు వరసగా ఎండ కాస్తే గోడ కుంపటిలా వేడిని దాచుకుని రాత్రంతా కక్కుతుంది. వీధి వైపు గోడకు ఏసీ పెట్టె తగిలించాలంటే మేడలో మిగతా వాటాదార్ల ఒప్పుకోలు కావాలి. అది సంపాదించేసరికి వేసవి పోతుంది, మనమూ ఆ మాట మరిచిపోతాం.

ఇక్కడి వాతావరణ శాఖవాళ్ల లెక్కలో 30 డిగ్రీలు తాకితే అది 'వేడి రోజు'. రాత్రి 20కి దిగకపోతే 'ఉష్ణమండల రాత్రి'. ఈ సంగతి చెబితే చెల్లెమ్మ, అదే మా వాడి భార్య, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "20 అంటే మేం దుప్పటి కప్పుకుంటాం అన్నయ్యా!"

మర్నాడు పొద్దున నా ఇంటి చట్టం చదివి వినిపించాను. తెల్లవారుజామున అయిదింటికి అన్ని కిటికీలూ బార్లా తెరవాలి. ఎనిమిదింటికి మూసెయ్యాలి, తెరలు దించాలి, మళ్లీ రాత్రి తొమ్మిది దాకా ముట్టుకోకూడదు. అతిథులతో నా పోరంతా ఇక్కడే. మిట్టమధ్యాహ్నం 'గాలి ఆడటం లేదు' అని ఎవరో ఒకరు కిటికీ తెరుస్తారు. తూర్పున హంగరీ మైదానాల మీద కాగిన గాలి లోపలికొస్తుంది. నిజానికి ఇది మనకు తెలియని విద్యేం కాదు. మట్టిగోడల ఇంట్లో తలుపులు మూసి, వట్టివేళ్ల తడకలు తడిపి, చీకట్లో కునుకు తీసిన నాయనమ్మల మనవలమే. ఫ్యాను వచ్చి ఆ విద్యను మరిపించింది.

రెండో చట్టం, గడియారం మార్చుకోవడం. ఏడింటికి వీధిలో పడాలి, పదకొండుకల్లా నీడలోకి చేరాలి, మళ్లీ సాయంత్రం ఆరింటికి. జులైలో ఇక్కడ తొమ్మిది దాకా వెలుతురే కాబట్టి పోయేదేమీ లేదు. కానీ మా వాడు జాబితాతో వచ్చాడు. షోన్‌బ్రున్ ప్యాలెస్ మొదటి పేరు. మధ్యాహ్నం వద్దంటే వినలేదు. 1,441 గదుల రాజభవనం, వెనక తోట, తోట చివర గుట్ట మీద గ్లోరియెట్ మండపం. తెల్లటి కంకర దారి మీద ఒక్క చెట్టు నీడ లేకుండా ఆ గుట్ట ఎక్కించాను. ప్యాలెస్ గురించి ఇంతకుమించి రాయను, ఎందుకంటే ఆ పూట మాకు గుర్తున్నది కూడా ఇంతే. తిరిగొస్తుంటే కేథడ్రల్ పక్కన గుర్రబ్బగ్గీలు నిలిచే చోటు ఖాళీగా ఉంది. 35 డిగ్రీలు తాకితే బగ్గీ గుర్రాలకు సెలవు, ఊళ్లో 2016 నుంచి అమల్లో ఉన్న నిబంధన. మా వాడు ఆగి ఆ ఖాళీ చోటు చూశాడు. "గుర్రానికి తెలివుంది, నాకు లేదు" అన్నాడు.

ఆ సాయంత్రం చెల్లెమ్మ కొట్టు నుంచి ఆరు నీళ్ల సీసాలు మోసుకొచ్చింది. మూత తిప్పగానే బుస్సుమంది. గోళీ లేని గోళీసోడా. ఇక్కడ సీసా నీళ్లంటే సగానికి సగం బుడగల నీళ్లే. ఆరు సీసాలు కొనడానికి ఖర్చు, రెండంతస్తులు మొయ్యడానికి శ్రమ, రెండూ దండగ. ఈ ఊళ్లో మంచినీళ్లు కుళాయి తిప్పితే వస్తాయి. ఫిల్టరు లేదు, కాచే పని లేదు. కాసేపు వదిలితే కూజా నీళ్లంత చల్లగా ఉంటాయి. వీధుల్లో వెయ్యికి పైగా తాగునీటి కుళాయి స్తంభాలున్నాయి, ఎండాకాలం అగ్నిమాపక హైడ్రెంట్లకు గొట్టాలు తగిలించి నీటి తుంపర కూడా చిమ్ముతారు. పిల్లలు దాని కింద కేరింతలు కొడుతుంటారు, ఆఫీసు బట్టల్లో ఉన్నవాళ్లు అటూ ఇటూ చూసి మెల్లగా ఒక భుజం తడుపుకుంటారు.

ఈ నీళ్లెక్కడివని మా వాడు అడిగాడు. నేలతో పనిచేసినవాడు నీళ్లు రుచి చూసి ఊరుకోడు. "సున్నపురాయి కొండల్లోంచి వచ్చినవిలా ఉన్నయిరా" అన్నాడు. జవాబు చెప్పడానికి నేను ష్వార్ట్‌సెన్‌బెర్గ్ కూడలికి తీసుకుపోయాను. అక్కడ ఎత్తుగా చిమ్మే పెద్ద ఫౌంటెన్ ఉంది. దాని అంచు చుట్టూ 365 చిన్న ధారలు, ఏడాదిలో రోజులకు గుర్తుగా. 1873 అక్టోబర్ 24న చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఎదుట ఈ ఫౌంటెన్ ఎగసిన రోజే వియన్నాకు కొండనీళ్లు వచ్చిన రోజు. అంతకుముందు ఊరు ఎక్కువగా బావుల మీద బతికేది. బావుల్లోకి మురుగు దిగేది, టైఫాయిడ్, కలరా వచ్చిపోతుండేవి. ఆ 1873లోనే ఇక్కడ ప్రపంచ ప్రదర్శన జరుగుతుంటే కలరా మళ్లీ విరుచుకుపడింది.

నైరుతి దిక్కున ష్నేబెర్గ్, రాక్స్ కొండలు. ఆ ఊటల నీటిని కాలువ కట్టి ఊరిదాకా తెచ్చారు. కొండ నుంచి నగరం దాకా పంపు లేదు, వాలే తోసుకొస్తుంది. లోయలు అడ్డొచ్చిన చోట రాతి కమానుల మీద, గుట్టలు అడ్డొచ్చిన చోట సొరంగంలో. ఊటలో పుట్టిన నీరు ఇల్లు చేరడానికి 24 గంటలు. 1910లో రెండో కాలువ వచ్చింది, అది ఇంకా దూరపు కొండల నుంచి, 36 గంటల ప్రయాణం. మొదటి కాలువ వెనకున్న ఆలోచన, పట్టుదల ఒక భూగర్భ శాస్త్రవేత్తవి. 1862లో వియన్నా నేల గురించి పుస్తకం రాసి, ఆ తర్వాత నగర సభలో చేరి, కొండనీళ్లు తప్ప దారి లేదని వాదించి గెలిచిన మనిషి. ఆయన ప్రతిమ అదే కూడలిలో ఉంది. దగ్గరికి తీసుకుపోయి పేరు చదవమన్నాను.

ఎడువార్ట్ స్యూస్.

మా వాడు రెండుసార్లు చదివాడు. "ఈయన ఆ స్యూసేనా?" ఆయనే. భారతదేశం, ఆఫ్రికా, మడగాస్కర్ ఒకప్పుడు ఒకే నేల అని 1885లో రాసి, ఆ నేలకు 'గోండ్వానా లాండ్' అని పేరు పెట్టినాయన. ఆ పేరు మన గోండుల సీమ నుంచి పోయిందే. సింగరేణి బొగ్గు పుట్టింది గోండ్వానా శిలల్లో. మా వాడు ముప్పై ఏళ్లపాటు రోజుకు పదిసార్లు రాసిన మాట అది. వేళ్ల మీద లెక్క మొదలుపెట్టాడు. "1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు చూసిండు. 72లో మెడ్లికాట్ ఆ రాళ్లకు గోండ్వానా అని పేరు పెట్టిండు. 73లో ఈయన ఇక్కడ నీళ్లు తెచ్చిండు." చెమట కారుతుంటే ఎండలోనే నిలబడి, గ్లోసోప్టెరిస్ అనే ఆకు అచ్చులు బొగ్గు పక్క రాళ్లలో ఎలా దొరుకుతాయో, ఆ ఆకు జాడ పట్టుకునే స్యూస్ ఖండాలను ఎలా కలిపాడో పావుగంట చెప్పాడు. ఈ ఊళ్లో పదకొండేళ్లుగా ఉంటూ నేను వంద మందికి ఆ ఫౌంటెన్ చూపించాను. దాని కథ నాకు ఇంకొకరు వినిపించడం అదే మొదలు.

ఆ తర్వాత జాబితా మాట ఎవరూ ఎత్తలేదు. పగళ్లు చల్లటి చోట్లలో గడిపాం. కళా చరిత్ర మ్యూజియంలో బ్రూగెల్ గది ఒకటుంది. 1565లో ఆయన వేసిన 'మంచులో వేటగాళ్లు' బొమ్మ ముందు బెంచీ మీద గంట కూర్చున్నాం. తెల్లటి కొండ, నల్లటి కుక్కలు, గడ్డకట్టిన చెరువు. బయట 36. చెల్లెమ్మ బొమ్మ వైపు చూస్తూ కండువా భుజం నిండా కప్పుకుంది, అలవాటు కొద్దీనో, చలి పుట్టో. గురువారాలు ఈ మ్యూజియం రాత్రి తొమ్మిది దాకా తెరిచే ఉంటుంది, అతిథులున్న ఇంటివాళ్లు గుర్తు పెట్టుకోవలసిన సంగతి. ఆదివారం మాత్రం కొట్లు మూత. శనివారం సాయంత్రానికే పాలు, పెరుగు తెచ్చుకోకపోతే రైల్వే స్టేషన్ దుకాణం ముందు వరసలో నిలబడాలి.

కాఫీ హౌసుల్లో కాఫీతో పాటు చిన్న పళ్లెంలో గ్లాసుడు నీళ్లు పెడతారు. మన హోటళ్ల మర్యాదే. ఒక్క కాఫీ తాగి మూడు గంటలు కూర్చున్నా లేవమనరు, నీళ్లు మాత్రం మళ్లీ నింపి పోతారు. చల్లగా ఉంటుందని మా వాడు 'ఐస్‌కాఫే' చెప్పాడు. మంచుముక్కల కాఫీ అనుకుంటే ఐస్‌క్రీమ్ ముద్ద మునిగిన పొడుగు గ్లాసు, పైన మీగడ నురగ. షుగరు మాత్ర వేసుకునే మనిషి భార్య వైపు చూడకుండా తాగేశాడు.

సాయంత్రాలు డాన్యూబ్. ఊరి నడిబొడ్డున మెట్రో ఎక్కితే పది నిమిషాల్లో వంతెన మీదే స్టేషను, కిందికి దిగితే దీవి. 21 కిలోమీటర్ల పొడుగు. ఇది దేవుడు చేసిన దీవి కాదు. వరదల నుంచి ఊరిని కాపాడటానికి నదికి పక్కన ఇంకో పాయ తవ్వి, ఆ మట్టిని నడుమ పోశారు. 1972 నుంచి 1988 దాకా పట్టింది. ఇది వినగానే మా వాడికి నవ్వాగలేదు. "అంటే ఇది ఓబీ డంపురా!" గనుల్లో బొగ్గు మీది మట్టి తీసి పోసే గుట్టల్ని వాళ్లు ఓబీ అంటారు. "మా దగ్గర ఓబీ గుట్టంటే దుమ్ము. వీళ్లు చెట్లు పెంచి ఈతకొడుతున్నరు." ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. టికెట్టు లేదు, గేటు లేదు. దీవి రెండు కొసల్లోనూ బట్టలు లేకుండా స్నానం చేసేవాళ్లకు విడిగా చోట్లున్నాయి. పెద్దవాళ్లతో సైకిళ్ల మీద వెళితే నడిమి భాగం దాటకుండా వెనక్కి తిప్పాలి. ఒకసారి నేను మరిచిపోయాను. ఆ వచ్చినవాళ్లు మా మామగారు, అత్తగారు. అంతకంటే చెప్పను.

చివరి సాయంత్రం ద్రాక్షతోటల వైపు తీసుకుపోయాను. ఊరి పొలిమేరలోపలే వందల హెక్టార్ల తోటలున్న రాజధాని ఇది. తోటవాళ్లు తమ కొత్త వైన్ తామే అమ్ముకోవచ్చని 1784లో రెండో జోసెఫ్ చక్రవర్తి అనుమతిచ్చాడు. అప్పటి నుంచి గుమ్మానికి పచ్చని కొమ్మల కట్ట వేలాడదీస్తే 'తెరిచి ఉన్నాం' అని అర్థం. మామిడి తోరణం కట్టిన ఇంటికి పిలుపు లేకుండా వెళ్లినట్టుంటుంది నాకు. వాల్‌నట్ చెట్టు కింద చెక్క బల్లలు. మగవాళ్లం వైన్‌లో సగం సోడా కలిపిన గ్లాసులు, చెల్లెమ్మా మా ఆవిడా ద్రాక్షరసం. రొట్టె మీద రాసుకునే మిరపపొడి రంగు చీజు ముద్దను చెల్లెమ్మ తను తెచ్చిన కారప్పొడితో సరిదిద్దింది.

ఎనిమిది దాటాక పడమట అడవి మీద మబ్బు కమ్మింది. అయిదు రోజుల ఉక్క తర్వాత ఇక్కడ ఉరుముతో వాన రావడం మామూలే, గాలి తిరిగిందంటే అరగంటలో 15 డిగ్రీలు కూడా దిగుతుంది. బల్లలు లాగి చూరు కిందికి చేరాం. ఉరిమింది, కురిసింది, ఊరి దీపాలు కింద మసకబారాయి. చెల్లెమ్మ సంచీలోంచి స్వెటర్లు తీసింది. ప్రతి రోజూ మోసుకు తిరిగిందట, వాళ్లాయన వెక్కిరిస్తాడని చెప్పలేదు. మా వాడు ఒకటి తొడుక్కుని నా పొట్టిచేతుల చొక్కా వైపు చూసి, ఏమీ అనకుండా తన మఫ్లరు నా చేతికిచ్చాడు.