ఎడ్లకు దక్కే శభాష్

మా పెద్దారవీడు వైపు తిరునాళ్లలో బండలాగుడు పోటీ చూసినవాళ్లకు ఒక సంగతి తెలిసిపోతుంది. మెచ్చుకోవడం మావాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు. ఎడ్లజత బండను కదిలించగానే యజమాని పేరు, ఊరి పేరు మైకులో మోగిపోతాయి. గెలిచిన ఎద్దు మెడ నిమిరి, దాని నడక గురించి నెలరోజులు రచ్చబండ దగ్గర చెప్పుకుంటారు. రాత్రి నాటకంలో పద్యం నచ్చితే 'వన్స్ మోర్' అని అరిచి, పదో పరకో చదివిస్తారు. అంత ధారాళంగా మెచ్చుకునే మనుషులు సొంత గడప దాటి లోపలికొస్తే మూగబోతారు.

కొడుకు ఫస్టు క్లాసులో పాసయితే "సరేలే, ముందుంది ముసళ్ల పండగ" అంటారు. కూర బాగుంటే ఇంకో ముద్ద ఎక్కువ తింటారు, అంతే. బిడ్డల్ని పొగిడితే ఆయుక్షీణమని మా అవ్వ నమ్మకం. జ్వరాలకు పసివాళ్లను పోగొట్టుకున్న తరం అది. ఆ భయాన్ని నేను తీసిపారెయ్యలేను. భయం పోయాక కూడా అలవాటు ఉండిపోవడమే బాధ.

ఇక్కడ డాలస్‌లో మాటకు ముందు 'గ్రేట్ జాబ్' అనేవాళ్లు చాలామందే ఉన్నారు. దాని విలువా అంతంతే. కానీ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా పై అధికారి ఒకాయన, నేను చేసిన పనిలో ఏ భాగం వల్ల ఎవరికి శ్రమ తగ్గిందో మీటింగులో అందరికీ విడమర్చి చెప్పాడు. అది పనిని కళ్లారా చూసినవాడి మాట. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బడిపిల్లల మీద చేసిన ప్రయోగాల సారాంశమూ దీనికి దగ్గరిదే. 'తెలివైనవాడివి' అనిపించుకున్న పిల్లలు కష్టమైన ప్రశ్నలకు వెనకాడారు. 'బాగా కష్టపడ్డావు' అనిపించుకున్నవాళ్లలో ఎక్కువమంది వాటికే చెయ్యి చాపారు.

ఆ మీటింగులో నాకు మా పిన్ని గుర్తొచ్చింది.

పిన్ని చిన్నప్పుడే మార్కాపురంలో పలకల పనికి కుదిరింది. గనిలోంచి వచ్చిన రాయిని ఉలితో పొరలుగా చీల్చాలి. దెబ్బ గట్టిగా పడితే పొర విరుగుతుంది, మెల్లగా పడితే విడిపోదు. పిన్ని రాయిని పక్కకు తిప్పి, అంచు వెంట వేలితో తడిమి, ఉలి ఆనించి రెండు చిన్న దెబ్బలు వేసేది. పొర అప్పడంలా విడివచ్చేది. ఆ పలకల మీద ఎక్కడెక్కడి పిల్లలో అఆలు దిద్దారు. పిన్ని మాత్రం బడి మొహం చూడలేదు. 1988లో కేంద్రం జాతీయ బాలకార్మిక పథకం మొదలుపెట్టి, తొలి విడతలో ఎంచుకున్న పరిశ్రమల్లో మార్కాపురం పలకలనూ చేర్చింది. అప్పటికే పిన్నికి పెళ్లయిపోయింది. ఆమె చేతి ఒడుపు గురించి ఏ మైకులోనూ ఎవరూ చెప్పలేదు.

ఈ మధ్య ఫోనులో నేనే చెప్పాను. "పిన్నీ, నువ్వు రాయి చీల్చే తీరు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. అంత సన్నంగా విడదీసేవాళ్లను నేను చూళ్లేదు."

"పోరా, అదేం పెద్ద ఇద్దెనా? కూలి పని" అంది.

పొగడ్త అందుకోవడమూ మాకు రాదు. చేతికిచ్చినదాన్ని అక్కడే కింద పెట్టేస్తాం. నేను వదల్లేదు. పొర ఎక్కడుందో ఎట్లా కనిపెట్టేదానివని అడిగాను. కాసేపాగి, రాయిని తడితే వచ్చే మోత గురించి మొదలుపెట్టింది. లోపల పగులున్న రాయి మోత వేరేగా ఉంటుందట. "ఇరిగే రాయేదో మేస్త్రీ కంటే ముందు నేనే చెప్పేదాన్ని" అంది. తన గురించి తాను అట్లా గొప్పగా చెప్పుకోవడం నేను మొదటిసారి విన్నాను.

దూరదేశాల నుంచి ఇంటికి ఫోన్లు చేసేవాళ్లం వానలు పడ్డాయా, బోరులో నీళ్లున్నాయా, బీపీ మాత్రలు వేసుకున్నావా అని అడుగుతాం. అవన్నీ అడగండి. ఆ తర్వాత, వాళ్లు బాగా చేసిన పని ఒకదాన్ని పేరుపెట్టి మెచ్చుకోండి. "అయ్యో, అదేముంది" అంటే ఆగిపోవద్దు. ఎలా చేశావని అడగండి.